నలభై తొమ్మిదిన్నర డిగ్రీలు

నీళ్ళతొట్టిలో రెండో థర్మామీటరు కూడా ముంచి, రెంటినీ పక్కపక్కన పెట్టి, నడుం వంచి చూశాడాయన. ఒకటి నలభై తొమ్మిదిన్నర అంటోంది. రెండోది నలభై తొమ్మిది దగ్గరే మొరాయించింది. తొట్టి మీట వెంట్రుకవాసి తిప్పి, మూత పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకా ఎనిమిది కాలేదు. ఆస్పత్రి నేలమాళిగలో, మెట్ల పక్క గదిలో ఈ వేళప్పుడు దీపం వెలుగుతోందంటే లోపల ఉన్నది థర్మామీటరే అని లిఫ్టు నడిపే ఆవిడకి కూడా తెలుసు.

థర్మామీటరంటే గాజుది కాదు, ఈయనే. అణువైద్య విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా టెక్నీషియను. యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. సీసం డబ్బాలు మోసి మోసి కుడిభుజం ఎడమదానికంటే ఒక అంగుళం కిందికి దిగింది. రోజుకి యాభైసార్లు కడగడంతో వేళ్ళ కొసల్లో చర్మం ఎండి చిట్లింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చూడగానే గుర్తుండిపోయే మొహం కాదు. వారం తర్వాత మళ్ళీ వచ్చిన పేషెంట్లు ఎదురుగా నిలబడి, "ఇక్కడొకాయన ఉండాలి, లేరా?" అని ఆయన్నే అడిగిన సందర్భాలు బోలెడు. "ఉన్నాడు, కూర్చోండి" అంటాడాయన.

ఇవాళ్టి పని ఏడాదికి రెండు మూడుసార్లు తగిలేది. మనిషి ఒంట్లోంచి కాస్త రక్తం తీసి, ఎర్రకణాలకి కంటికి కనబడని వెలుగునొకదాన్ని తగిలించి, సరిగ్గా నలభై తొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు వెచ్చబెట్టి, మళ్ళీ ఆ మనిషికే ఎక్కించాలి. వేడి తగ్గిందా, కణాలు ఏమీ ఎరగనట్టు ఒళ్ళంతా తిరుగుతూనే ఉంటాయి. పెరిగిందా, తునాతునకలై కాలేయంలోకి పోతాయి. సరిగ్గా ఆ వేడి తగిలితే మాత్రం చావవు, అలాగని బాగానూ ఉండవు. బిగుసుకుని గుండ్రంగా అయిపోతాయి. అలాంటి కణాల్ని ఏరి పక్కనపెట్టడం ప్లీహం పని. ఎడమ డొక్కలో, పక్కటెముకల చాటున, పిడికిలంత అవయవం అది. ఒంట్లో ఎక్కడ ప్లీహం ఉంటే ఈ కణాలు అక్కడికే చేరి, కెమెరాకి కనబడతాయి. కొత్త యంత్రాలొచ్చాక ఈ పాత విద్యని చాలాచోట్ల అటకెక్కించారు. ఈ తొట్టిని పారెయ్యమని స్టోర్సు నుంచి మూడుసార్లు కాగితం వచ్చింది. మూడుసార్లూ ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "చూద్దాం లెండి" అన్నాడు.

ఎనిమిదిన్నరకి అత్తాకోడళ్ళు వచ్చారు.

"రాత్రి కంటిమీద కునుకు లేదు బాబూ. దానికి కాదు, నాకు," అంది అత్తగారు కుర్చీలో కూలబడుతూనే. "ఇదేమో గుర్రుపెట్టి పడుకుంది."

"గుర్రెక్కడ పెట్టాను అత్తయ్యా? మీ సణుగుడు వింటూ కళ్ళు మూసుకున్నా, అంతే," అంది కోడలు.

కోడలు ఈత టీచరు. నలభై రెండేళ్ళు. వెడల్పాటి భుజాలు, కొలనులోని మందునీళ్ళకి రంగు వెలిసిన పొట్టి జుట్టు. నడకలో ధీమా ఉంది గానీ, చేతిసంచీ పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఇద్దరు పిల్లల తల్లి. నెల కిందట మూత్రంలో రాయి ఉందేమోనని పొట్టకి స్కాన్ తీశారు. రాయి తన దారిన తాను పోయింది, ఆ స్కాన్‌లో ఇంకోటి దొరికింది: కడుపు వెనక ఉండే క్లోమం తోక దగ్గర బఠాణీ గింజంత గడ్డ. హార్మోన్లు పుట్టించే కణాల్లో లేచే ఒక రకం కణితి అయ్యుంటుందన్నారు. ఆ రకాన్ని పట్టుకోవడానికో మందు ఉంది. సూదితో ఎక్కిస్తే ఒళ్ళంతా తిరిగి, తనకి తెలిసిన గుమ్మం ఉన్న కణాల దగ్గరే ఆగి వెలుగుతుంది. బఠాణీ దగ్గర ఆగింది, వెలిగింది. ఇంకేముంది! శుక్రవారం ఆపరేషను ఖాయమైంది. క్లోమం తోక, దాంతోపాటు ప్లీహం కూడా తీసేస్తారు.

చిక్కేమిటంటే, ప్లీహానికీ అదే గుమ్మం ఉంది. ఆ మందు అక్కడా ఆగుతుంది, కణితిలోకంటే తక్కువేం కాకుండా వెలుగుతుంది. మనిషి తల్లి కడుపులో ఉండగా ప్లీహం తయారయ్యేటప్పుడు ఒక్కోసారి చిన్న ముక్క విడిపోయి పక్కన పడుతుంది. పదిమందిలో ఒకరికి ఉంటుంది, ఎవరికీ ఏ హానీ చెయ్యదు. కొందరిలో ఆ ముక్క క్లోమం తోకలో దూరి కూర్చుంటుంది. అప్పుడు గడ్డలాగే కనబడుతుంది, గడ్డలాగే వెలుగుతుంది. సోమవారం నాడు ఆ బొమ్మ తెరమీద చూసి థర్మామీటరు తల గోక్కున్నాడు. ఒంట్లో వెలిగేది ఆ తెరమీద నల్లగా పడుతుంది. బఠాణీ నలుపూ, ప్లీహం నలుపూ ఒకే పాళ్ళలో ఉన్నాయి. ఆయన డాక్టరు కాదు. రిపోర్టుల జోలికి పోయేవాడు కాదు. అయినా విభాగం చూసే డాక్టరమ్మ గది ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మూడోసారి తలుపు తట్టాడు.

"ఈ రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి డాక్టరమ్మా. రక్తం వెచ్చబెట్టి ఒకసారి చూద్దామా?"

డాక్టరమ్మకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మాట చురుకు, తప్పు ఒప్పుకోవడంలో ఇంకా చురుకు. బొమ్మ మళ్ళీ తెరిచి చూసి, "అయ్యో బాబాయ్, నాకెందుకు తట్టలేదు!" అని అప్పటికప్పుడే సర్జనుకి ఫోన్ చేసింది. సర్జను విసుక్కున్నాడు. బుధవారం రెండింటికల్లా తేల్చి చెప్పండి, తేలకపోతే శుక్రవారం కోసేస్తాను అన్నాడు. ఇవాళే బుధవారం.

పేరూ పుట్టిన తేదీ ఆమె నోటితోనే చెప్పించి, చీటీమీద రాసి, చీటీ ఆమెకే చూపించి, సీసాకి అంటించి, మళ్ళీ అడిగాడాయన.

"అప్పుడే మర్చిపోయారా సార్?"

"నాకు గుర్తుందమ్మా. సీసాకి గుర్తుండద్దూ?"

ఈత టీచరు నవ్వింది. ఆ నవ్వులో ఉండగానే సూది గుచ్చడం అయిపోయింది. అత్తగారు మాత్రం మొహం తిప్పుకుని, "అయిందా? అయిందా?" అని గోడని అడుగుతోంది.

వెలుగు తగిలించడానికి అరగంట పట్టింది. తర్వాత రక్తం ఉన్న గొట్టాన్ని సీసం తొడుగులో పెట్టి తొట్టిలో దించి, గడియారం నొక్కి, పదిహేను నిమిషాలూ మెల్లగా తిప్పుతూ నిలబడ్డాడు. ఈ తిప్పడానికో యంత్రముంది. ఆయన దాన్ని వాడడు. ఇంట్లో దీనిమీద బోలెడు వేళాకోళం. స్కూలు యూనిఫారాలు కుట్టే భార్య, "మా ఆయన ఇంట్లో పాలు పొంగించేస్తాడు గానీ అక్కడ రక్తం కాచడంలో మాత్రం ఘనాపాటి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. కూతురు పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. "మా కుక్కలే నయం నాన్నా, నీ పేషెంట్లకంటే కదలకుండా పడుకుంటాయి" అంటుంది. ఆయనా నవ్వుతాడు. ఈ పదిహేను నిమిషాల్లో ఏమవుతుందో వాళ్ళకి ఎలా చెప్పాలో ఆయనకి ఎప్పుడూ తెలియలేదు. మాట్లాడటం చేతకాదు.

ఇంత జాగ్రత్త పుట్టుకతో వచ్చిందేం కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఎముకల స్కాన్‌కి వచ్చిన ఒక ముసలాయనకి ఈయనే సీసా పట్టుకుని మూత్రం పోయించాడు. ఆ మందు బయటికి పోయేది మూత్రంలోనే. ఒక్క చుక్క తొడమీద పడింది, ఈయన చూసుకోలేదు. తెరమీద తొడ ఎముకలో నల్లటి మచ్చ! జబ్బు ఎముకకి పాకిందన్నారు. వరండాలో కొడుకులూ కోడళ్ళూ గొల్లుమన్నారు. అప్పుడొక నర్సమ్మ లోపలికొచ్చి, దుప్పటి ఎత్తి, ముక్కు ఎగబీల్చి, సబ్బూ నీళ్ళూ తెచ్చి తొడ కడిగింది. మళ్ళీ తీస్తే మచ్చ లేదు. ఊరంతా నవ్వుకున్నారు, సబ్బుతో కడిగితే పోయిన కాన్సరని. ఈయన మాత్రం నవ్వలేదు. ఒక ఇంటిల్లిపాదీ అరగంటసేపు ఏడ్చింది తన వల్ల. ఆ అరగంటని ఆయన ఇప్పటికీ దిగమింగలేదు.

గడియారం మోగింది. రక్తాన్ని చల్లార్చి, చెడిపోని కణాలూ ముక్కలూ ఎన్నున్నాయో చూసి, మళ్ళీ పేరడిగి, ఆమె రక్తం ఆమెకే ఎక్కించాడు.

"వేడిగా ఉంటుందా సార్?"

"లేదమ్మా, చల్లారింది. నీదేగా, నీకేం కాదు."

పదకొండున్నరకి ఆమెని కెమెరా కింద పడుకోబెట్టాడు. మోకాళ్ళ కింద దిండు, ఒంటిమీద దుప్పటి, చేతులు తలపైకి. డాక్టరమ్మ అద్దం గదిలోకి వచ్చి ఆయన పక్కన నిలబడింది. తెరమీద మొదట ఏమీ లేదు. తర్వాత ఒకటీ అరా చుక్కలు. చుక్కలు పదులై, వందలై, ఎడమ డొక్కలో గుమిగూడడం మొదలుపెట్టాయి. ఎవరూ దారి చెప్పలేదు వాటికి. లోపల వేల మలుపులు తిరిగి, ఊపిరితిత్తుల్ని దాటి, గుండెని దాటి, తమని గుర్తుపట్టే చోటికి తామే చేరుకుంటున్నాయి. ఇన్ని వేల ఒళ్ళు చూశాడు గదా, ఇంకా ఆ మొదటి నిమిషంలో ఆయనకి ఒళ్ళు జలదరిస్తుంది. ఇవాళా జలదరించింది.

ప్లీహం నిండుగా వచ్చింది. పక్కన ఏమీ లేదు.

డాక్టరమ్మ తెరకి ముక్కు ఆనించి చూసింది. "ఏం లేదు బాబాయ్," అంది. "అయితే అది ప్లీహం ముక్క కాదన్నమాట. గడ్డే."

అద్దం అవతల ఈత టీచరు కప్పు వంక చూస్తూ పడుకుని ఉంది. ఈ మాట ఆమెకి వినబడదు. ఆయన తెరమీద కాలేయం వైపు చూశాడు, పాలిపోయి ఉంది. గుండె వైపు చూశాడు, ఖాళీ. అంటే వేడి సరిగ్గానే తగిలింది, కణాలు వెళ్ళాల్సిన చోటికే వెళ్ళాయి. మరి ముక్క ఉంటే కనబడాలి గదా? ప్లీహం అంత వెలుగుతోంటే దాన్ని ఆనుకున్న బఠాణీ గింజ ఎదురుగా చూస్తే కనబడుతుందా?

"ఇది ఒక్క వైపు నుంచే గదా డాక్టరమ్మా. కెమెరాని చుట్టూ తిప్పి తీద్దాం. రెండింటికి ఇంకా టైముంది."

"ఊపిరికి ప్లీహం పైకీ కిందికీ ఆడుతుంది బాబాయ్. అంత చిన్నది అలుక్కుపోతుంది."

ఆయన లోపలికి వెళ్ళి మంచం పక్కన వంగాడు. "అమ్మా, ఇరవై నిమిషాలు పడుతుంది. ఊపిరి పెద్దగా తియ్యకూడదు, ఆపకూడదు. చిన్నచిన్నగా, ఒకే లెక్కన తియ్యాలి. చాలామందికి కుదరదు."

"నీళ్ళమీద వెల్లకిలా తేలేటప్పుడు తీసినట్టా?"

"నాకు నీళ్ళమీద తేలడం తెలీదమ్మా. అయ్యుండొచ్చు."

"మరేం ఫరవాలేదు. గంటయినా ఉంటాను," అంది ఆమె. కళ్ళు మూసుకుంది.

కెమెరా ఆమె చుట్టూ మెల్లగా తిరిగింది. అద్దం గదిలోంచి చూస్తే దుప్పటి కదులుతోందో లేదో తెలియలేదు. థర్మామీటరు ఎన్ని పొట్టలు లేచిపడటం చూశాడో లెక్కలేదు గానీ, ఇంత నెమ్మదైన ఊపిరి ఎన్నడూ చూడలేదు. నోరెళ్ళబెట్టి నిలబడిపోయాడు. వరండాలో అత్తగారు కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్న చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది.

ఒంటిగంటా పదికి బొమ్మ తయారైంది. డాక్టరమ్మ కూర్చుని, ముక్కలు ముక్కలుగా తిప్పుతూ, కనబడనిదాన్ని వెతికేటప్పుడు ఎవరైనా చేసే పనే చేసింది. వెలుగు పెంచింది. ప్లీహం ఉబ్బి, డొక్కంతా నల్లగా పరుచుకుంది.

"తగ్గించండి," అన్నాడాయన.

"ఏంటి బాబాయ్?"

"వెలుగు తగ్గించండి డాక్టరమ్మా. ఇంకా... ఇంకొంచెం... కనబడకుండా పోతుందేమో అనిపించేదాకా తగ్గించండి."

ఆమె తగ్గించింది. ప్లీహం కుంచించుకుపోయి తన గట్టుకి తాను చేరింది. దాని పక్కన సన్నటి సందు తెరుచుకుంది. ఆ సందుకి ఇవతల, ఒంటరిగా, బఠాణీ గింజంత చుక్క నిలిచి ఉంది. డాక్టరమ్మ పాత స్కాన్ బొమ్మని తెచ్చి దీనిమీద పెట్టింది. గడ్డ ఎక్కడుందో చుక్క అక్కడే ఉంది. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

ఈత టీచరు పుట్టకముందే దారితప్పి వేరేవాళ్ళ ఇంట్లో పడ్డ ముక్క అది. ఏమైందని ఎవరూ అడగలేదు. నలభై రెండేళ్ళుగా, పెద్ద ప్లీహం ఏం చేస్తుందో అదే పని, తన వంతు మేరకి, అది అక్కడ కూర్చుని చేసుకుంటూనే ఉంది. పొద్దున థర్మామీటరు వెచ్చబెట్టిన కణాలు వెళ్ళి తలుపు తడితే, వాటినీ గుర్తుపట్టి లోపలికి తీసుకుంది. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సర్జనుకి మీరు చెబుతారా బాబాయ్?" అంది డాక్టరమ్మ నవ్వుతూ, ఏడుస్తూ.

"అమ్మో, నన్నొదిలెయ్యండి," అని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

వరండాలో డాక్టరమ్మ చెప్పింది. కోతలేదు, కణితి కాదు, ఇంటికెళ్ళిపొమ్మంది. ఈత టీచరు గోడకి వీపు ఆనించి, జారి, నేలమీద కూర్చుండిపోయింది. పొద్దుట్నుంచీ ఉగ్గబట్టుకున్నదంతా అప్పుడు ఏడ్చి వెళ్ళబోసుకుంది. అత్తగారు పక్కనే చతికిలబడి, కోడలి తల ఒళ్ళోకి లాక్కుని, "ఊరుకో అమ్మా, ఊరుకో. కొలనుకి నీళ్ళు నువ్వే నింపుతావా ఏంటి?" అంటూ తనూ బావురుమంది. దారినపోయే వార్డు మనుషులు ఆగి చూశారు. థర్మామీటరు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక, చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

బయల్దేరేటప్పుడు ఈత టీచరు వెనక్కి తిరిగి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తేలడం నిజంగానే రాదా సార్?"

"రాదమ్మా. నీళ్ళు వెచ్చబెట్టడమే వచ్చు."

"ఆదివారం ఎనిమిదింటికి మా కొలనుకి రండి. పెద్దవాళ్ళకి వేరే తరగతి ఉంది. రాకపోతే నేనే ఇక్కడికొచ్చి లాక్కెళతాను."

"ఈ వయసులోనా?"

"మా తరగతిలో డెబ్భై నాలుగేళ్ళావిడ ఉంది. మొదటిరోజు నన్ను కొరికింది, ఇప్పుడు చేపలా ఈదుతుంది. వస్తున్నారు, అంతే."

సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మాట చెబితే, భార్య కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. "ఏవండీ, స్నానానికే పది నిమిషాలు నీళ్ళు చెయ్యిపెట్టి చూస్తారు. కొలనులో దిగేసరికి మిగతావాళ్ళంతా గట్టెక్కి ఇళ్ళకి పోతారు!" ఆయనా నవ్వాడు. ఆవిడ అక్కడితో ఆగకుండా, మిగిలిన నీలం గుడ్డ తీసి, ఈతకి కట్టుకోవడానికి నిక్కరు కుడతానని నడుం కొలత తీసింది. ఆయన వద్దువద్దంటూనే చేతులు ఎత్తి నిలబడ్డాడు. బఠాణీ గింజ సంగతి చెప్పడానికి ప్రయత్నించాడు. చెప్పడం ఎప్పట్లాగే చేతకాలేదు గానీ, ఈసారి ఆవిడ మిషను తొక్కకుండా చివరిదాకా విన్నది. "నలభై రెండేళ్ళా?" అంది మెల్లగా.

గురు, శుక్రవారాలు మామూలుగా గడిచాయి. శనివారం పొద్దున ఆయన లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. భార్య ఎంత లేపినా లేవకపోతే, కూతురు పరుగున వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, తల్లిని దగ్గరికి తీసుకుంది.

ఆదివారం కొలను దగ్గర ఈత టీచరు తరగతి మొదలుపెట్టకుండా పావుగంట ఎదురుచూసింది. తరగతి అయ్యాక కూడా ఉండి, గేటు వంక చూస్తూ కూర్చుంది. భయపడి ఎగ్గొట్టాడు కాబోలు, నాలుగు తగిలించాలి అనుకుంది. సోమవారం ఉదయం తడిజుట్టుతోనే నేలమాళిగలోకి దిగివచ్చి, "ఏరీ మీ సారు?" అని గట్టిగా అడిగింది.

డాక్టరమ్మ ఆమెని బెంచీమీద కూర్చోబెట్టి చెప్పింది. ఈత టీచరు లేచి, మెట్ల పక్క ఆ గది ఒకసారి చూడొచ్చా అని అడిగింది. లోపల తొట్టి మూతపెట్టి ఉంది. ఆమె దానిమీద అరచెయ్యి ఆనించింది, చల్లగా తగిలింది. చేతిసంచీలోంచి ఏదో తీసి బల్లమీద పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అది ఈతకి పెట్టుకునే కళ్ళజోడు, కొత్తది. వెనక రబ్బరు పట్టీ ఆయన తలకి సరిపోయేలా, చూసిన గుర్తుతో అంచనా కట్టి, బిగించి ఉంది.